ప్రధాన కారణాంకాలు

ఆ కాగితం తలమీద అచ్చయి ఉన్న మాటలు "విడిపోవడానికి ప్రధాన కారణాలు". దాని కింద ఒకటి, రెండు, మూడు అని అంకెలు. ఒక్కో అంకె పక్కన రెండేసి వరసల ఖాళీ. కాగితాన్ని ఇంటికి తెచ్చుకుని, బల్ల మీద పెట్టి, మంచినీళ్ళు తాగి వచ్చి, కలం తీసి నేను మొట్టమొదట చేసిన పని దాన్ని దిద్దడం. "ణా"కీ "లు"కీ మధ్య చిన్న గుర్తు పెట్టి, పైన ఎర్ర సిరాతో "ంకా" అని చేర్చాను. విడిపోవడానికి ప్రధాన కారణాంకాలు. చేర్చాక గాని ఏం చేశానో తెలియలేదు.

నెల రోజులుగా ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం ప్రూఫులు చూస్తున్నాను. ఒక సంఖ్యను భాగించే సంఖ్యలను అందులో కారణాంకాలంటారు. మా ప్రెస్సులో అక్షరాలు కూర్చే అమ్మాయికి ఆ మాట చేతికి రాదు. ఎన్నిసార్లు చెప్పినా "కారణాలు" అనే కొడుతుంది. ఆ ఒక్క అధ్యాయంలో నలభై ఒక్క చోట్ల దిద్దాను. నలభై రెండోది నా సొంత కాగితం మీద పడింది.

కాగితం ఇచ్చినావిడ కుటుంబ న్యాయస్థానంలో సలహాదారు. జలుబుతో ముక్కు తుడుచుకుంటూనే మాకు నియమం చెప్పింది.

"ఇద్దరూ విడివిడిగా రాయండి. ఒకరిదొకరు చూసుకోవద్దు. అక్కనీ అన్ననీ అడగొద్దు. వచ్చే గురువారం ఇక్కడే చూద్దాం. ఒక్క కారణం కలిసినా మూడు నెలలు గడువిస్తాను, మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఒక్కటీ కలవలేదనుకోండి, మీరిద్దరూ ఇన్నాళ్ళూ వేరువేరు ఇళ్ళల్లో కాపురం చేసినట్టే. కాగితాలు పైకి, జడ్జిగారి దగ్గరికి పంపేస్తాను."

నా భార్య తలూపింది. ఏడు నెలలుగా ఆమె వాళ్ళ అక్క దగ్గర ఉంటోంది. నాకు ఆ గడువు కావాలి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి పక్క కుర్చీలోనే ఉన్నా చెప్పలేదు.

ప్రూఫులు దిద్దే పనిలో మొదటి పాఠం చదవకపోవడం. చదివితే అర్థంలోకి జారిపోతాం. అర్థం మనిషిని ఇంట్లోకి పిలిచి మర్యాద చేసి, వెనక తలుపు నుంచి తప్పును పంపేస్తుంది. అందుకని నేను పేజీని కిందినుంచి పైకి చూస్తాను, చివరి మాటనుంచి మొదటి మాటకు. అలా చూస్తే వాక్యం ఉండదు. అక్షరాలుంటాయి, అంతే. ముప్పై ఏళ్ళుగా ఇలా చూసి చూసి, దుకాణం బోర్డులూ మందు సీసాలూ కూడా నాకు వెనకనుంచే మొదలవుతాయి.

రెండో పాఠం వినడం. ఒక మనిషి మూలప్రతిని పైకి చదువుతుంటే ఇంకో మనిషి ప్రూఫు మీద వేలు పెట్టి వెంట నడుస్తాడు. వరస పూర్తయ్యాక వినేవాడు "ఊఁ" అనాలి. ఊఁ వినపడితేనే తర్వాతి వరసకు వెళ్ళాలి. వినపడకపోతే అదే వరస మళ్ళీ చదవాలి. చదివేవాళ్ళు ఒకటి వదిలేస్తే "వరస దాటేశావు" అనాలి. కొట్టేసిన మాటలు చదవకూడదు. ఈ నాలుగే నియమాలు. మా ప్రెస్సులో చదివే మనిషి నా భార్యే. దిద్దే మనిషిని నేను.

చుక్కలూ కామాలూ అన్నీ పైకి చదివేది. మా పెళ్ళప్పుడు మేనేజరు అందరి ముందూ, "వీళ్ళ కాపురంలో పోట్లాటలుండవయ్యా, కామా దగ్గర ఒకరు ఆగుతారు, చుక్క దగ్గర ఇంకొకరు ఆగుతారు" అన్నాడు. ఇంట్లో కూడా ఆమె సరదాకి అలాగే మాట్లాడేది. "పాలు విరిగిపోయాయి కామా మీరే వెళ్ళి తేవాలి చుక్క." నేను "ఊఁ" అనేవాణ్ణి. పిల్లలు కలగరని తేలిపోయిన ఏడాది ఒక సాయంత్రం బట్టలు మడత పెడుతూ అంది: "మనింట్లో కథలు వినేవాళ్ళు లేరు గాని ఊఁ కొట్టేవాళ్ళు మాత్రం ఉన్నారు." దానికీ ఊఁ అన్నట్టే గుర్తు.

ఎనిమిదేళ్ళ కిందట ప్రెస్సులోకి ఒక యంత్రం వచ్చింది. మూలప్రతినీ ప్రూఫునీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట రంగు వేసి చూపిస్తుంది. దానికి ఎవరూ ఊఁ కొట్టక్కర్లేదు. చదివేవాళ్ళందరినీ ఇంటికి పంపేశారు. లెక్కల గుర్తులు ఆ యంత్రానికి అంతుపట్టవు కాబట్టి నన్ను ఉంచారు. ఒక్కణ్ణే కిందినుంచి పైకి చూసుకుంటూ ఉండిపోయాను.

ఆ తర్వాత ఆమె వంటగదిలో ఫ్రిజ్ తలుపు మీద చీటీలు అంటించేది. ఒకసారి "పంచదార ఐపోయింది" అని రాసింది. నేను "అయిపోయింది" అని దిద్ది తలుపు మీదే ఉంచాను. సాయంత్రం చూసి నవ్వింది. "మార్కులెన్ని మాస్టారూ?" అంది. నేనూ నవ్వాను. ఎప్పుడో ఆ చీటీలు ఆగిపోయాయి. ఏ నెలలో ఆగాయో నేను చెప్పలేను.

కాగితం తెచ్చుకున్న మర్నాడు ప్రెస్సులో ఒక వాక్యం దగ్గర కలం ఆగింది. ఒకటి కంటే పెద్దదైన ఏ సంఖ్యనైనా ప్రధాన సంఖ్యల లబ్ధంగా ఒకే ఒక్క విధంగా రాయగలం. వరస మాత్రమే మారవచ్చు. పక్కనే ఉదాహరణ. ఒక పిల్లవాడు అరవైని ఆరు, పదిగా విరిచాడు. ఇంకో పిల్ల నాలుగు, పదిహేనుగా విరిచింది. ఇద్దరూ ఇంకా విరుచుకుంటూ పోయారు. చివరికి ఇద్దరి దగ్గరా మిగిలింది రెండు, రెండు, మూడు, అయిదు. ఇక విరగనివి అవే.

ఇలాంటి వాక్యాలను నా జీవితంలో వందసార్లు దిద్ది ఉంటాను. ఆ రోజు మొదటిసారి చదివాను. ఎక్కడ మొదలుపెట్టినా ఫరవాలేదు. నిజాయితీగా, ఇక విరగని దాకా విరవాలి, అంతే. మా ఇరవై ఏడేళ్ళను ఆమె ఒక వైపునుంచి విరుస్తుంది, నేను ఇంకో వైపునుంచి. ఇద్దరమూ మధ్యలో ఆగకపోతే రెండు కాగితాల్లోనూ ఒకటే ఉండి తీరాలి. ఇంటికి నడిచి వెళ్తుంటే నాకు చాలాకాలానికి తేలిగ్గా అనిపించింది. మనుషుల సంగతి నాకు తెలియదు. సంఖ్యలు మాట తప్పవు.

మూడు రోజులు విరిచాను. పొద్దున్నే పనికి వెళ్ళే ముందు బల్ల దగ్గర కూర్చుని చిత్తు కాగితం మీద రాసి, ఆ మాటను ఇంకా చిన్న మాటలుగా విరవడానికి చూసేవాణ్ణి. "ఇల్లు మారడం" అని రాస్తే అది నా పని వల్లే అని తేలింది. ప్రెస్సుకు దగ్గరని మారాం. కొట్టేశాను. "ఊరికే చిరాకు పడటం" అన్నది పిల్లల దగ్గర తేలింది. అదీ కొట్టేశాను. చివరికి మూడు మిగిలాయి. పిల్లలు లేకపోవడం. నా పని. వదిన. వదినంటే వాళ్ళక్క, ఫోన్ ఎత్తితే నన్ను "ఏమోయ్ మౌనస్వామీ" అని పలకరిస్తుంది. ఈ మూడింటినీ ఎంత అదిమినా ఇంకా విరగలేదు. కాబట్టి ప్రధానమే అనుకున్నాను. తలమీది ఎర్ర "ంకా"ను చెరిపే వీలు లేదు. వేరే కాగితం అడగడానికి మొహం చెల్లలేదు.

బుధవారం నాడు ఆ పుస్తకం రాసిన లెక్కల మాస్టారు ప్రెస్సుకు వచ్చాడు. ఎనభై ఏళ్ళు ఉంటాయి. గొడుగు లేకుండా కదలడు, వాన లేకపోయినా సరే. అధ్యాయం చివర చుక్కగుర్తు పెట్టిన ఒక లెక్క పక్కన "ముప్పయ్యారు రెండు విధాలుగా వచ్చింది. సిద్ధాంతానికి విరుద్ధం. చూడగలరు" అని నేను రాసిన గమనిక మీద గొడుగు కొన ఆనించాడు.

"ఏమయ్యా ఎర్రసిరా, నా లెక్కే తప్పంటావు?"

"మీరే రాశారు కదండీ, ఒకే విధంగా విరుగుతుందని. ఇక్కడేమో ఆరార్లు ముప్పయ్యారు, రెండు పద్దెనిమిదులు ముప్పయ్యారు అని, ఆపైన విరగదని రాశారు."

"పైన ఏం రాశానో చూశావా? కిందనించి వస్తే పైది ఎలా కనపడుతుందిలే నీకు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "సరి సంఖ్యలు మాత్రమే ఉన్న ఒక లోకం అనుకో. బేసి సంఖ్యలు అసలు పుట్టలేదు. అక్కడ ఆరుని విరువు చూద్దాం."

"రెండు మూళ్ళు."

"మూడెక్కడిది? మూడు లేదన్నాను కదా."

"అయితే ఆరు విరగదు."

"పద్దెనిమిది?"

"రెండు తొమ్మిదులు... తొమ్మిదీ లేదు. విరగదు."

"మరి? ఆరార్లు అన్నవాడూ చివరిదాకా విరిచాడు, రెండు పద్దెనిమిదులు అన్నవాడూ చివరిదాకా విరిచాడు. ఇద్దరూ ఒట్టేసి చెప్తారు, ఇక విరగదు మహాప్రభో అని. ఇద్దరూ నిజమే చెప్తారు. ఇద్దరి కాగితాలూ కలవవు." గొడుగు మడత సరిచేసుకున్నాడు. "వాళ్ళ లోకంలో మూడు లేదు. అదీ కథ. పిల్లలకి ఒక్కసారైనా ఇది చూపించకపోతే సిద్ధాంతం గొప్పేమిటో తెలీదు. నీ గమనిక కొట్టెయ్."

కొట్టేశాను. ఆయన లేస్తూ నా మొహంలోకి చూశాడు.

"నువ్వు తొంభై ఒకటి లాంటివాడివయ్యా. చూస్తే విరగదనిపిస్తుంది. ఏడు పెట్టి కొట్టేదాకా తెలీదు." ఆయన ఊరికే ఎగతాళికి అన్నాడు. ఏడు నెలల సంగతి ఆయనకు తెలియదు.

ఆ సాయంత్రం నా కాగితాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టాను. మార్చుకోవడానికి ఒక పూట ఉంది. మా ఇంట్లో లేని సంఖ్య ఏది? లేనిదాన్ని ఎలా వెతకాలో నాకు తెలియదు. గదులన్నీ చూశాను, మంచం, అద్దం, ఇస్త్రీపెట్టె, ఆమె వదిలి వెళ్ళిన గొడుగు. చివరికి నాకు చేతనైనదే చేశాను. కాగితాన్ని కిందినుంచి పైకి చూశాను. అక్షరదోషాలు లేవు. సంతకం పెట్టాను.

గురువారం సలహాదారు మొదట నా కాగితం తీసి కళ్ళజోడు సర్దుకుంది.

"ప్రధాన... కారణాంకాలా? ఇదేం మాటండీ? మేం ఇలా అచ్చు వెయ్యలేదే."

నేను ఏదో చెప్పబోయాను. ఈలోగా నా భార్య నవ్వింది. ఏడు నెలల తర్వాత విన్న నవ్వు.

"లెక్కల పుస్తకం వచ్చినట్టుంది మేడమ్. కారణాలు అని కనపడితే చెయ్యి ఊరుకోదు ఆయనకి."

సలహాదారు నవ్వలేదు. "పిల్లలు లేకపోవడం. నా పని. వదిన." కాగితం తిప్పి చూసింది. "అంతేనా? రెండేసి వరసలు వదిలాం కదా."

"ఇంకా విరగలేదండీ," అన్నాను.

ఆవిడకు అర్థం కాలేదు. నా భార్య రాసిన కాగితాన్ని నా చేతికిచ్చి, చదవమంది. దస్తూరి మారలేదు, "ళ" తోక ఇప్పటికీ పక్క వరసలోకి వెళ్తుంది. చూస్తున్నాను. ఎక్కడా తప్పులేదు. రెండో మాటలో ఒత్తు కొంచెం పక్కకు ఉంది గాని తప్పనలేం.

"కిందనించి చదువుతున్నారు," అంది ఆమె.

తలెత్తాను.

"మీ కళ్ళు పైకి వెళ్తున్నాయి. నాకు తెలీదనుకున్నారా?" ఆమె గొంతులో కోపం లేదు. కాగితం కోసం చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి. నేనే చదువుతా."

కాగితాన్ని ప్రెస్సులో పట్టుకున్నట్టే, కిటికీ వైపుకు కొంచెం వంచి పట్టుకుంది.

"ఒకటి చుక్క. భోజనాల బల్ల మీద ఎప్పుడూ ఆయన కాగితాలుంటాయి కామా నేను వంటగదిలో నిలబడి తింటాను చుక్క."

"ఊఁ," అన్నాను.

సలహాదారు తలెత్తి మా ఇద్దరినీ చూసింది. నా భార్య చూడలేదు. ఆమె గొంతు కొద్దిగా నిదానించింది.

"రెండు చుక్క. నేను రాసిన చీటీలు దిద్ది మళ్ళీ నాకే చూపిస్తారు చుక్క."

"ఊఁ."

"మూడు చుక్క. వెళ్తున్నానని చెప్తే జాగ్రత్త అన్నారు కామా ఎక్కడికని అడగలేదు చుక్క."

ఆ వరసకు ఊఁ అనడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు. అన్నాక కాగితం బల్ల మీద పెట్టబోయింది. కిటికీ వెలుగు వెనకనుంచి పడి, రెండుకీ మూడుకీ మధ్య ఒక నల్లటి గీత కనిపించింది.

"ఒక వరస దాటేశావు," అన్నాను.

"కొట్టేసింది చదవకూడదని మీరే నేర్పారు."

సలహాదారు కాగితం తీసుకుని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. "ఊఁ కొట్టడం మానేశారు," అని చదివింది. "ఇదేంటమ్మా?"

"ఏం లేదు మేడమ్. రాశాక నాకే నవ్వొచ్చింది. అదొక కారణమా? ఎవరికైనా చెప్తే, మొగుడు ఊఁ కొట్టట్లేదని వచ్చేసిందా అని నవ్విపోతారు. అందుకే కొట్టేశా."

ఊఁ కొట్టడం. ఆ మాట వినగానే నాలో ఏదో కదిలింది. నొప్పి కాదు, ఒక లెక్క తెగిన చప్పుడు. ఆమె నిలబడి తిన్న భోజనం దానితో భాగిస్తే తెగుతుంది. ఎర్ర సిరా తెగుతుంది. "నా పని" అని నేను విరగలేదనుకున్నది నిలువునా తెగుతుంది. పిల్లలు లేకపోవడం కూడా. ఆ సంగతిని ఎన్నో ఏళ్ళు ఆమె చెప్పింది, నేను ఊఁ కొట్టాను, ఆ ఊఁ మీద దాన్ని మోశాం. యంత్రం వచ్చాక ప్రెస్సులో ఊఁ ఆగింది. ఇంట్లో ఆపమని ఎవరూ చెప్పలేదు. నేనే ఆపాను. ఆపినట్టు కూడా తెలియకుండా ఆపాను. అది లేని లోకంలో కూర్చుని, ఇద్దరం చివరిదాకా విరిచాం.

"ఏమండీ," సలహాదారు నన్నే అడుగుతోంది. "మీ కాగితంలో ఇలాంటిది ఉందా?"

ఉందని వాదించవచ్చు. రెండోది విరిస్తే ఇదే వస్తుందని చెప్పవచ్చు. కాని మూలంలో లేని మాటను దిద్దేవాడు చేర్చకూడదు. అదొక్కటే ఈ పనిలో నాకు పట్టుబడిన నీతి.

"లేదండీ. రాయాల్సింది."

"రాయాల్సింది వేరు, రాసింది వేరు." ఆవిడ ముక్కు తుడుచుకుంది. నిజంగానే ఇబ్బంది పడుతున్నట్టు కనిపించింది. "ఒకరు రాసి కొట్టేశారు. ఇంకొకరు అసలు రాయనే లేదు. దీన్ని కలిసిందని నేనెలా రాసేది? ఏమంటారమ్మా? మీరు ఆ గీత చెరిపేస్తానంటే చెప్పండి, ఇంకోసారి ఆలోచిస్తాను."

బల్ల మీద దారం కట్టిన పెన్సిలు ఉంది, దానికి చివర రబ్బరు కూడా ఉంది. నా భార్య దాన్ని చూసింది. నేనూ చూశాను.

"సిరాతో కొట్టానండీ," అంది. "పంపించేయండి."

బయట ఎండ. బస్సు ఆగేచోట ఒకటే బల్ల ఉంది. ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. ఆమె సంచిని ఒళ్ళో పెట్టుకుంది. తనే అడిగింది.

"ఎంతదాకా వచ్చింది పుస్తకం?"

"కారణాంకాలు అయిపోయాయి. చివర ఒక లెక్క ఉంది." ఆగాను. ఆమె రోడ్డు వైపు చూస్తోంది. అయినా చెప్పాను. "సరి సంఖ్యలు మాత్రమే ఉన్న లోకం ఒకటుందట."

"ఊఁ," అంది.

ఆ ఊఁ అలవాటు కొద్దీ వచ్చిందో, కావాలని అందో నాకు తెలియదు. మొహం ఇటు తిప్పలేదు. నేను తర్వాతి వరసకు వెళ్ళాను.

"అక్కడ ముప్పయ్యారుని ఒకళ్ళు ఆరార్లుగా విరిచారు. ఇంకొకళ్ళు రెండు పద్దెనిమిదులుగా విరిచారు. ఆపైన విరగలేదు."

"ఊఁ. ఎవరిది తప్పు?"

"ఎవరిదీ కాదు. ఇద్దరిదీ కరెక్టే. కాకపోతే..."

బస్సు వచ్చింది. ఆమె లేచి సంచి భుజానికి తగిలించుకుంది. జాగ్రత్త అన్న మాట నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

"ఎక్కడ దిగుతావు?" అన్నాను.

మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి చూసింది. ఆ చూపు ఏమిటో నేను కిందినుంచి పైకి చూసినా, పైనుంచి కిందికి చూసినా చెప్పలేను.

"అక్కావాళ్ళ వీధి చివర," అంది.

తలుపు మూసుకుంది. బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. బల్ల మీద రెండో చివర ఇప్పుడు ఎండ పడుతోంది. నా వరస సగంలో ఆగి ఉంది. దాన్ని అలా వదిలేయడం నా వల్ల కాలేదు.

"కాకపోతే అక్కడ మూడు లేదు చుక్క," అన్నాను పైకి.

ఊఁ వినపడలేదు. నియమం ప్రకారం అదే వరస మళ్ళీ చదివాను.